బామ్మకు రెండు తద్దినాలు

25 జూలై, శుక్రవారం. ఉదయం

పళ్లు తోముకుంటూ గోడ కేలండర్‌లో నిన్నటి కాగితం చించాను. కింద పెద్ద అంకె 25. దాని కింద చిన్న అక్షరాల్లో చాంద్రమానం తేదీ: ఆరో నెల, ఒకటి. పక్కనే ఇంకా చిన్నగా: అధికం.

ఆరో నెల నిన్నటితో అయిపోయింది కదా, ఇవాళ ఏడో నెల రావాలి కదా అనుకుంటూ బ్రష్ నోట్లో పెట్టుకునే నిలబడిపోయాను. రాదు. ఈ ఏడాది అధిక మాసం. ఆరో నెల రెండుసార్లు.

అంటే బామ్మ తద్దినం ఆగస్టు రెండున కాదు. సెప్టెంబర్ ఒకటిన.

అప్పు గడువు ఆగస్టు పదకొండు.

అదే రోజు, మధ్యాహ్నం

రాసుకుంటే తప్ప బుర్ర కుదుటపడేలా లేదు.

మా కంపెనీకి ఇరవై చెక్క పీపాలు. ఒక్కోటి మనిషికి రెండింతల ఎత్తు. నెత్తళ్లు, ఉప్పు వేసి మూత పెడితే ఏడాదికి గానీ సాస్ దిగదు. డబ్బేమో ఏడాదంతా పీపాలో ఊరుతూ ఉంటుంది, జీతాలేమో నెలనెలా ఇవ్వాలి. ఫూ క్వోక్ దీవిలో సాస్ చేసే ప్రతి ఇంటికీ ఇదే తలనొప్పి. మా ఇంట్లో దానికి మందు బామ్మ తద్దినమే. ఆ రోజు వ్యాపారులందరూ భోజనానికి వస్తారు. నాన్న కుళాయిలు తిప్పుతాడు, ఆ తిథికి ముందు మాత్రం తిప్పం. రుచి చూసి, నచ్చిన పీపాకి ఎర్రగుడ్డ కట్టి, ఏడాది సరుకుకి డబ్బు అప్పుడే ఇచ్చేసి వెళ్తారు. ఆ డబ్బుతోనే మళ్లీ చేప కొంటాం. వడ్డీ లేదు, కాగితం లేదు.

నిరుడు అది చాలలేదు. గాలివానకి షెడ్డు కప్పు లేచిపోయింది. చేప ధర రెట్టింపయింది. ఇంటి పట్టా, అదే ఎర్ర పుస్తకం, అంతకు ముందే బ్యాంకులో తాకట్టులో ఉంది, సీసాల మెషిన్ లోన్ కింద. ఇక మిగిలింది కంపెనీల్లో పెట్టుబడి పెట్టే సైగాన్ ఫండ్. ఆరు బిలియన్ డాంగ్‌లు ఇచ్చారు. పేరు కన్వర్టిబుల్. పుట్టినప్పుడు అప్పు. గడువుకి తీరిస్తే అప్పుగానే పోతుంది. తీర్చకపోతే మర్నాటి నుంచి వాటా అయి కూర్చుంటుంది, నూటికి యాభై ఒకటి.

గడువు ఎప్పుడు పెట్టమంటారు అని ఫండ్ తరఫున వచ్చిన ఖై అడిగితే, నాన్న వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. నిరుడు తద్దినం ఆగస్టు పదమూడున. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. కాబట్టి ఈసారి రెండున. దాని మీద ఓ వారం పైన వేసుకో బాబూ అన్నాడు. అప్పటికి కొత్త ఏడాది కేలండర్ ఇంకా బజారులోకి రాలేదు. నేనూ పక్కనే కూర్చుని తలూపాను.

నాన్నకి చెప్పాను. మళ్లీ వేళ్లు లెక్కపెట్టాడు. పదకొండు రోజులే కదా, ఎప్పుడూ అంతే కదా అన్నాడు. కాగితం చూపించాను. చాలాసేపు ఆ చిన్న మాట వైపే చూశాడు. మూడు వారాలే కదమ్మా, ఖై పెద్దమనిషి, ఆగమంటే ఆగడా అన్నాడు.

26 జూలై

ఆగడట. ఫోన్‌లోనే చెప్పాడు. నా చేతిలో ఏముంది అక్కా, అంతా కమిటీ అన్నాడు. ఖై నాకంటే ఏడేళ్లు పెద్ద. అయినా నన్ను అక్కా అంటాడు. మర్యాదట.

తమ్ముడు కియెత్ మొహంలో బాధేం కనిపించలేదు. పోతే పోనీ అక్కా, నీకు పీపాలంటే మొగుడి కంటే ఎక్కువైపోయాయి అన్నాడు. అప్పు వాటాగా మారితే వాడు జనరల్ డైరెక్టర్. ఫండ్ వాళ్లు మాటిచ్చారు. విజిటింగ్ కార్డులు కూడా అచ్చువేయించుకున్నాడు, డ్రాయర్‌లో చూశాను. బంగారు అంచు.

28 జూలై, సోమవారం

బ్యాంకుకి వెళ్లాను. ఇరవై పీపాల సరుకు ఉంది, తాకట్టు పెట్టుకుని మూడు వారాలకి ఇవ్వండి అన్నాను. లోన్ ఆఫీసరమ్మ మంచిదే, టీ ఇచ్చింది. మేడమ్, కుళ్లిన చేప మీద మా హెడ్డాఫీసు అప్పివ్వదు, ఇంకో ఎర్ర పుస్తకం ఉంటే తీసుకురండి అంది.

కుళ్లిన చేప! ఆమె టిఫిన్ డబ్బాలో ఉన్న గిన్నె నిండా మా సాసే. వాసన పట్టేశాను.

అసలు బ్యాంకు ఒప్పుకున్నా లాభం ఉండేది కాదు. రాత్రి ఫండ్ అగ్రిమెంట్ మళ్లీ చదివాను. వాళ్ల అనుమతి లేకుండా కొత్త అప్పు చేయకూడదు. కొత్త వాటా అమ్మకూడదు. రెండు తలుపులూ బయట నుంచి గడియ పెట్టేసి ఉన్నాయి. పెట్టేటప్పుడు మేమూ ఒక చెయ్యి వేశాం.

29 జూలై

ఖై స్వయంగా వచ్చాడు. తెల్ల బూట్లు. షెడ్డు గడప దగ్గరే ఆగిపోయి, మీకు ఈ వాసన అలవాటేమో అక్కా అన్నాడు. అలవాటు కాదు, ఇదే మా ఆస్తి అన్నాను.

కాఫీ తాగుతూ పాఠం చెప్పాడు. వాటా అంటే ఎందుకు భయం? అప్పైతే తీర్చాలి, వడ్డీ కట్టాలి. వాటా తీసుకుంటే తీర్చే పనే లేదు. లాభం వస్తే పంచుకుంటాం, నష్టం వస్తే మేమూ మోస్తాం. మీ నెత్తిన బరువు దించుతున్నాం, మీరేమో దొంగని చూసినట్టు చూస్తారేంటి అన్నాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఒళ్లు మండింది. వాటా మంచిదే, పక్కన కూర్చునేవాడు మంచివాడైతే. వాళ్ల ప్లాన్ నేను చూశాను. మా పీపా సాస్ ఒక లీటరు తీసుకుని ఉప్పునీళ్లు, రంగు, సువాసన కలిపి పది లీటర్లు చేస్తారు. సీసా మీద మాత్రం మా బామ్మ ఫొటో. యాభై ఒక్క శాతం చేతికొస్తే వద్దనడానికి మేమెవరం?

లేచేముందు ఇంకో దారి చూపించాడు. ఇప్పుడే కుళాయిలు తిప్పేయండి, పచ్చి సాస్ అయినా సగం ధరకి నేనే కొంటాను, ఆ డబ్బుతో నా అప్పే తీర్చండి అన్నాడు. నవ్వాడు కూడా. పదకొండు నెలల సాస్ అమ్మితే దీవి అంతా తెల్లారేసరికి తెలిసిపోతుంది. పేరు పోయాక కంపెనీ మిగిలినా ఒకటే, పోయినా ఒకటే.

తలుపు దాకా సాగనంపాను. జారకుండా చూసుకోండి తమ్ముడూ అన్నాను.

31 జూలై

ఇవ్వను. ఎలాగో తెలియదు. ఇవ్వను.

2 ఆగస్టు, శనివారం. ఫెర్రీలో, మధ్యాహ్నం 3

అవతలి ఒడ్డున రాచ్ జా వెళ్లి ఆరో అత్తని కలిసి వస్తున్నాను. మాకు చుట్టం కాదు, వాళ్లింట్లో ఆరో పిల్ల కాబట్టి అందరికీ ఆరో అత్తే. ఏడు నూడుల్స్ కొట్లు. మా దగ్గర అందరికంటే ఎక్కువ కొనేది ఆమే. అత్తా, తద్దినం రోజు ఇచ్చే డబ్బేదో ఇప్పుడే ఇవ్వు, సరుకు మామూలుగానే పంపుతా అన్నాను.

ఆమె చేతిలో గరిటె ఆగలేదు. ఏమ్మా థామ్, నీకు మతిపోయిందా అంది. నేను డబ్బిచ్చేది మీ బామ్మ ముందు. అగరొత్తి వెలిగించి, అన్నం తిని, పీపాకి గుడ్డ కట్టి ఇస్తాను. ఇలా పొయ్యి దగ్గర నిలబెట్టి చేతిలో పెడితే అది అప్పవుతుంది. చుట్టానికి కూడా అప్పివ్వను నేను, పోయి ఆ నూడుల్స్ తిను, చల్లారిపోతున్నాయి అంది.

తిన్నాను. ఏడుపొచ్చింది, కారం మీద నెట్టేశాను.

ఇప్పుడు నా పక్క సీట్లో ఒకావిడ ఒళ్లో బుట్ట, బుట్టలో రెండు బాతులు. మామగారి తద్దినానికి దీవికి వస్తోంది. ఎప్పుడండీ అని ఊరికే అడిగాను. అసలు తిథి సోమవారం, పిల్లలకి సెలవు కుదరదని రేపే పెట్టేస్తున్నాం అంది. పర్లేదా అన్నాను. అయ్యో, ముందు పెడితే తప్పేంటమ్మా, పోయినవాళ్లు ఓ రోజు ముందే తింటారు, ఆలస్యం చేస్తేనే పాపం ఆకలితో కూర్చుంటారు అంది.

బాతు నా చీలమండ పొడిచింది. నేను కదల్లేదు.

అప్పు చేయకూడదు. వాటా అమ్మకూడదు. సరుకు అమ్మకూడదని మాత్రం ఎక్కడా లేదు.

3 ఆగస్టు

నాన్నతో చెప్పాను. తొమ్మిదో తారీఖు శనివారం తద్దినం పెడదాం. అందరూ వస్తారు. పీపాలు తెరవం, మూసినవే అమ్ముదాం.

నాన్న అరవడం నేను ఎప్పుడూ వినలేదు. ఇవాళ విన్నాను. మా అమ్మ పోయింది ఏడో నెల పదిన, నీ ఫండ్ వాడి గడువుకి పోలేదు అన్నాడు. ఒక రోజు, రెండు రోజులు జరిపేవాళ్లని చూశాను, నెల ముందు కూడు పెట్టేవాళ్లని చూళ్లేదు. డబ్బు కోసం అమ్మని అంగట్లో కూర్చోబెడతావా అన్నాడు.

తప్పు లెక్క నీదే కదా నాన్నా అనేశాను. అనకుండా ఉండాల్సింది. కానీ అబద్ధం కాదు.

ఆ తర్వాత నాన్న నాతో మాట్లాడలేదు.

4 ఆగస్టు

వ్యాపారులందరికీ మెసేజ్ పెట్టాను. షెడ్డు తలుపు మీద కూడా అంటించాను. ఇక్కడా రాసి ఉంచుతున్నాను:

ఆగస్టు తొమ్మిది శనివారం మా ఇంట తద్దిన భోజనం. అసలు తిథి సెప్టెంబర్ ఒకటి, అప్పుడూ పెడతాం. ముందుగా ఎందుకంటే పదకొండున మాకు అప్పు గడువు. తీర్చకపోతే కంపెనీలో సగం పైన ఇతరుల చేతికి పోతుంది. పీపాలు ఆ రోజు తెరవం. మూత మీద ముక్కు పెట్టి చూసుకుని కొనేవాళ్లు కొనవచ్చు, ధరలో నూటికి ఆరు తగ్గిస్తాం. కొనకపోయినా భోజనం ఉంటుంది.

కియెత్ తలుపు ముందు నిలబడి చదివి తల పట్టుకున్నాడు. ఇంటి గుట్టు రట్టు చేశావు కదే, రేపు మన మొహం ఎవడు చూస్తాడు అన్నాడు. గుట్టుగా ఉంటే గుట్టుగానే పోతుంది రా, పోయేదేదో నలుగురూ చూస్తుండగా పోనీ అన్నాను.

5 ఆగస్టు

పడవల వాళ్లు వచ్చి, ఇక మీదట చేపకి నగదే, అరువు లేదన్నారు. సరే, నగదే.

6 ఆగస్టు

ఫండ్ లాయరు నోటీసు. ముందే డబ్బు తీసుకోవడం అప్పు కిందికే వస్తుందట, అగ్రిమెంట్ ఉల్లంఘనట.

నవ్వొచ్చింది. నిరుడు ఖై తన కమిటీకి చూపించిన ప్రెజెంటేషన్ నా దగ్గర ఉంది, నాకు కూడా పంపాడు, గొప్ప కోసం. అందులో తొమ్మిదో స్లైడు: ఈ కంపెనీ ప్రత్యేకత. తద్దినం రోజున ఏడాది సరుకుకి ముందస్తు అమ్మకం. అప్పు అవసరం లేని అరుదైన పద్ధతి. కింద నాన్న ఫొటో.

ఆ స్లైడు జతచేసి పంపాను. మీ మాటే, మీ అక్షరాలే, అప్పు అవసరం లేని పద్ధతి అన్నారు కదా, అదే చేస్తున్నాం అని రాశాను.

8 ఆగస్టు

పంది మాంసం, గుడ్లు కొబ్బరినీళ్లలో ఉడుకుతున్నాయి. కాకరకాయలు కడిగాను. నాన్న ఇవాళ కూడా మాట్లాడలేదు, అన్నం మాత్రం నేను వండిందే తిన్నాడు. రేపు ఉంటావా అని అడిగాను. వల సంచి తీసి భుజాన వేసుకున్నాడు.

9 ఆగస్టు, శనివారం

తెల్లారేసరికి నాన్న లేడు. చేపలకి వెళ్లాడు.

పది గంటలకల్లా అందరూ దిగారు. రారేమో అనుకున్నవాళ్లూ వచ్చారు. సగం మంది అభిమానంతో, సగం మంది తమాషా చూద్దామని. ఎందుకైతేనేం, వచ్చారు. బామ్మ పటం ముందు మొదటి అగరొత్తి వెలిగించాల్సింది నాన్న. అందరూ తలుపు వైపే చూస్తున్నారు. ఇక లాభం లేదని నేనే వెలిగించాను. ఆడపిల్ల చేతి మీదుగానా అని వెనకెవరో గొణిగారు. ఆ ఆడపిల్లకే అప్పులవాళ్లు ఫోన్లు చేస్తున్నారు బాబాయ్ అన్నాను, తల తిప్పకుండా. నవ్వులు వినిపించాయి. కాస్త ఊపిరాడింది.

బామ్మా, ముందుగా పిలిచాను, కోపం తెచ్చుకోకు, ఏమైనా అనాలంటే నన్నను, నాన్నని కాదు అని మనసులో చెప్పుకున్నాను.

భోజనాలయ్యాయి. ఎర్రగుడ్డలు బల్ల మీద పెట్టాను. ఎవరూ లేవలేదు. ఎప్పుడూ రుచి చూసి కొనేవాళ్లు. చుక్క నాలిక మీద పడకుండా డబ్బు తీయమంటే చెయ్యి ఎలా వస్తుంది? హా తియెన్ నుంచి వచ్చిన ఒకాయన, ఒక్క కుళాయి తిప్పమ్మా, ఒక్క చుక్క, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. తిప్పను అన్నాను. ఇవాళ మీ కోసం తిప్పితే రేపు ఫండ్ కోసం తిప్పుతాను, అప్పుడు మీరు కొనేది మా సాస్ కాదు. నమ్మితే గుడ్డ కట్టండి. నమ్మకపోతే ఇంకో గిన్నె పులుసు పోసుకోండి.



ముందు లేచింది ఆరో అత్త. పమిట బిగించినట్టు స్కార్ఫ్ నడుముకి చుట్టుకుని నిచ్చెనెక్కింది. ఆ వయసులో ఆ నిచ్చెన! మూత సందులో ముక్కు పెట్టి కళ్లు మూసుకుంది. ఊరుతోంది అంది. దిగొచ్చి నాలుగు పీపాలకి గుడ్డలు కట్టేసింది. ఆ తర్వాత నిచ్చెన దగ్గర తోపులాటే. కియెత్ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. నేను అడగలేదు.

మధ్యాహ్నానికి పద్నాలుగు గుడ్డలు. నాకు కావలసింది పదిహేను. మిగిలిన వాటిలో అయిదు ఆలస్యంగా నింపినవి, ఇంకా పచ్చి వాసన, ఎవరూ ముట్టలేదు. ఇక ఉన్నది ఒకటో నంబరు. బామ్మ పీపా. అది అమ్మం. ఏటా దాని సాస్ మిగతా పీపాల్లో తలా కాస్త పోస్తాం. దాని మీద బామ్మ రాయించిన ఇత్తడి రేకు ఉంది, అమ్మకానికి కాదు అని. నాకు దాని జోలికి వెళ్లే హక్కు లేదు.

అప్పుడు నాన్న వచ్చాడు. వల సంచి, తడి నిక్కరు. ఎవరినీ పలకరించలేదు. ఇంట్లోకి పోయి బామ్మ పటం వైపు కూడా చూడలేదు. తిన్నగా షెడ్డులోకి వచ్చి గుడ్డలన్నీ ఒక చూపు చూశాడు. నా వైపు చూడలేదు. మొలలో కత్తి తీసి ఒకటో నంబరు పీపా మీది రేకుకి ఉన్న మేకులు ఊడబెరికాడు. రేకు జేబులో వేసుకున్నాడు. బల్ల మీది గుడ్డ ఒకటి తీసి ఆరో అత్త చేతిలో పెట్టి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఆరో అత్త గుడ్డ కడుతూ ఏడ్చింది. నా మొదటి కొట్టుకి మొదటి సాస్ డబ్బా మీ బామ్మే అరువిచ్చిందే అంది.

10 ఆగస్టు

నిద్రపోయాను.

11 ఆగస్టు, సోమవారం

అసలు, వడ్డీ, మొత్తం పంపేశాను. రసీదు కావాలన్నాను, సంతకంతో. ఖై ఫోన్ చేశాడు. కంగ్రాట్స్ అక్కా అన్నాడు. ఆ వెంటనే ఆగలేక, లెక్క వేసుకున్నారా, మూడు వారాలకి నూటికి ఆరు తగ్గించారు, ఏడాదికి చూస్తే నూటికి నూరు పైన వడ్డీ, ఇంత ఖరీదైన డబ్బు ఈ దేశంలో ఎవరూ తీసుకోరు అన్నాడు.

వేసుకున్నాను అన్నాను. నాలుగో తారీఖునే వేసుకున్నాను. మీ డబ్బు చవకే తమ్ముడూ, మీ షరతే ఖరీదు. నా డబ్బు ఖరీదు, కానీ మూడు వారాల్లో లేచి తన దారిన పోతుంది.

ఫోన్ పెట్టేముందు, వచ్చే ఏడాది ఏమైనా అవసరమైతే అన్నాడు. తద్దినానికి రండి, భోజనం పెడతాను అన్నాను.

కియెత్ బంగారు అంచు కార్డులతో సీసాల మీది పాత లేబుళ్ల జిగురు గోకుతున్నాడు. గట్టి కాగితం, బాగా వస్తోంది అన్నాడు.

నాన్న ఇంకా మాట్లాడటం లేదు.

23 ఆగస్టు

ఇవాళ కాగితం చించితే కింద: ఏడో నెల, ఒకటి.

1 సెప్టెంబర్

బామ్మ అసలు తద్దినం. కుళాయిలు తిప్పాం. మొదటి చుక్క నాన్నే నాలిక మీద వేసుకుని తలూపాడు.

బామ్మ పటం ముందు నాన్న అన్నం గిన్నె పెట్టాడు. దాని పక్కన ఇంకోటి పెట్టాడు, నిండుగా. రెండోది ఎవరికి నాన్నా అని అడిగాను.

నెల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. వడ్డీ అన్నాడు.